బండికి జోడి

దినాల నాడు పంక్తిలో కూచొని అందరు మా అత్తను ఒకటే పొగుడుడు. "ఆ కాలంలో ఆడమనిషి లోడరు బండి తోలిందంటే మాటలా" అని ఒకాయన. "పులి అసుమంటి మనిషి" అని ఇంకొకామె. నేను నోరు మూసుకొని ఎంతసేపు తింటా? "పులా? మా అత్త అంత పిరికి మనిషి ఈ గోదారికి ఆ ఒడ్డున లేదు, ఈ ఒడ్డున లేదు. మీకేం తెలుసు, ఊకోండి" అన్న. పంక్తి మొత్తం తినుడు ఆపి నా దిక్కు చూసింది. పోయినామె మీద ఆ మాటలేందని మా వదిన పక్కనించి నా తొడ గిల్లింది. గిల్లితే గిల్లనియ్. ఉన్న మాట చెప్పడానికి నాకేం భయం?

అత్తకు మాత్రం అన్నిటికీ భయమే. వాన పడితే భయం, పడకుంటే భయం. లారీ జల్దీ వస్తే "వీడేందో తొందర మీదున్నడు, ఏం ముంచుతడో" అనేది. ఆలస్యమైతే దారిలో బోల్తా పడిందని తనే తీర్మానం చేసి ఏడుపు మొఖం పెట్టేది. ఎవరికైనా భయమైతే అన్నం సయించదు. ఆమెకు ఉల్టా. భయం ఎక్కువైన కొద్దీ ఆకలి పుట్టుకొచ్చేది. పనికాడ పొద్దు ఎక్కకముందే సద్ది మూట విప్పి సగం ఖాళీ చేసిందంటే ఆ రోజు లావు మొద్దులు ఎత్తేది ఉందని మాకు తెలిసిపోయేది. "ఇయ్యాల ఎంత లావుయి అత్తా?" అని ఆడోళ్ళం అడిగేటోళ్ళం. "మూసుకొని పని చేయండే" అని ఇంకో ముద్ద మింగేది. మరీ భయమైతే కొప్పు విప్పి మళ్ళ ముడిచేది. ముడిచి మళ్ళ విప్పేది. ఆ ముడుచుడుకే మా అక్క జుట్టు సగం ఊడిందని మా నాయిన నవ్వేటోడు.

మా నాయినకు తోడబుట్టిన అక్క ఆమె. మామ బతికున్నప్పుడు లారీలకు కలప ఎక్కించే ముఠాకు మేస్త్రి. ఆయన జ్వరమొచ్చి పోయినంక ముఠా చెదిరిపోకుండ అత్తే పట్టుకుంది. మాది దుమ్ముగూడెం నించి పర్ణశాల పోయే దిక్కు చిన్న పల్లె. చుట్టుపక్కల పట్టా భూముల్లో కాపు తగ్గిన మామిడి తోటలు, కోతకొచ్చిన జామాయిల్ చెట్లు కొట్టి, కొమ్మలు నరికి, లారీ ఎక్కించి పంపుడు మా ముఠా పని. జామాయిల్ బెరడు ఒలుచుడు, కొమ్మలు ఏరుడు ఆడోళ్ళది. మొద్దులు మోసుడు మొగోళ్ళది. ఇదంతా ఎనభైల నాటి మాట. కలప ఎత్తే మిషను అంటూ ఒకటి ఉంటదని అప్పటికి మాలో ఎవరికీ తెలవదు.

మామిడి మొద్దును మోసే తీరు చెప్తా వినండి. మొద్దు కింద మోకు తోసి, ఆ మోకును బొంగుకు తగిలిస్తరు. బొంగు ఈ కొస ఒకడి భుజం మీద, ఆ కొస ఇంకొకడి భుజం మీద. నడుమ మొద్దు వేలాడుతుంటది. బరువును బట్టి రెండు బొంగులో మూడు బొంగులో పెడతరు. ఒక్క బొంగు కింద నడిచే ఇద్దరినీ జోడి అంటరు. భుజం మీద అంత బరువున్నోడు మెడ వంచి తన కాళ్ళు తాను చూసుకోలేడు. మొద్దుకు ఆ పక్క నడిచేటోడి కాళ్ళు మాత్రం మంచిగ కనిపిస్తయి. అందుకని ఎవడి కాళ్ళు వాడు చూసుకోవద్దు. జోడిగాడి కాళ్ళే చూడాలె. గుంట ఉంటే, రాయి ఉంటే, మోడు ఉంటే వాడు చెప్పాలె, "ఎడమది ఎత్తు" అనో, "ఆగు" అనో. చెప్తడని నమ్మి ఇటోడు అడుగు వెయ్యాలె. మా ముఠాలో బతుకు మొత్తం ఆ నమ్మకం మీదనే నడిచింది.

జోడి కట్టుడు అత్త పని. ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరి భుజాల మీద కలిపి ఒక పుల్ల పెట్టి, అది వాలుతుందో నిలబడుతుందో కన్ను చిట్లించి చూసేది. కుదిరితే ఇద్దరికీ ఒక్క గ్లాసులో చాయ్ పోయించేది. సగం వాడు తాగి సగం వీడికి ఇయ్యాలె. అప్పటి నించి వాళ్ళు జోడి. జోడిలో ఒకడు పనికి రాకుంటే రెండోవాడు బొంగు ముట్టడు, ఆ రోజుకు మా ఆడోళ్ళ నడుమ కూచొని బెరడు ఒలవాలె. "రా వదినా, ఇటు కూచో, కొంగు సర్దుకో" అని మేము వాణ్ణి సాయంత్రం దాకా సతాయించేటోళ్ళం. ఇద్దరూ అలిగి మాట్లాడుకోకుంటే అత్త మొత్తం ముఠాకే పని బంద్ పెట్టేది. "మొఖాలు చూసుకోనోళ్ళు కాళ్ళేం చూస్తర్రా" అని తిట్టి, మళ్ళ ఒక గ్లాసు చాయ్ తెప్పించేది. లారీ నిండినంక అందరి భుజాలు తట్టుకుంట తిరిగేది. "ఉన్నరా అందరు? ఉన్నరా?" అని అడిగేది. ఎదురుంగ నిలబడ్డోళ్ళని కూడా అడిగేది.

మా నాయినకు జోడి సోమయ్య మామ. పడుచు పిల్లగాండ్లప్పటి నించి ఆ ఇద్దరిది ఒకటే బొంగు. ఒకనాడు మొద్దు దించినంక సోమయ్య మామ బొంగును చెట్టుకు ఆనించి "నీ కాళ్ళు కనిపిస్తలేవు బావా" అన్నడు. కండ్లల్ల పొర వచ్చింది. కొన్ని నెలల నించి అట్లనే ఉందట, చెప్పలేదు.

"మరి ఇన్నొద్దులు ఎడమ, కుడి అని ఎట్ల చెప్పినవ్?" అని నాయిన నిలదీసిండు.

"నీ నడక సప్పుడు విని" అన్నడు సోమయ్య మామ. తువ్వాలతో మొఖం తుడుచుకొని ఇంటికి పోయిండు. మళ్ళ మొద్దు కాడికి రాలేదు.

అత్త ఆ మధ్యాన్నం తన సద్ది తిని, నా సద్ది తిని, చాలక పక్క చేను నించి దోసకాయలు తెప్పించుకొని తిన్నది. గుడ్డోడు తన తమ్ముణ్ణి నెలల తరబడి నడిపించిండని తెలిస్తే ఎవరికి మాత్రం భయం కాదు? ఆనాటి నించి ఆమెకు ఏ మొద్దు లేచినా అది ఎవడి మీదనో పడినట్టే కనిపించేది.

ఇగ నాయినకు జోడి దొరకలేదు. ఆయన తాటి చెట్టంత పొడుగు. ముఠాలో ఎవడి పక్కన నిలబెట్టినా అత్త పెట్టిన పుల్ల జారి కింద పడేది. వచ్చి మా నడుమ కూచొని బెరడు ఒలిచేటోడు. మొదట్ల మేము ఎక్కిరించినం. కొన్నొద్దులకు ఎవరికీ ఎక్కిరించబుద్ధి కాలేదు. తలకాయ వంచుకొని, ఒక్క మాట మాట్లాడకుండ, మా అందరికంటే జల్దీ ఒలిచేటోడు. కన్నతండ్రిని అట్ల చూసుడు ఎంత కష్టమో నాకు తెలుసు.

అప్పుడే ఒక లారీ డ్రైవరు కబురు మోసుకొచ్చిండు. ఇల్లందు కాడ ఒక మెకానిక్ పిల్లగాడు పాత చిన్న ట్రాక్టరుకు ముందర రెండు ఇనుప చేతులు బిగించిండట. మొద్దు కింద చేతులు దూర్చి మీట లాగితే అదే ఎత్తుకొని, అదే పోయి లారీలో పెడతదట. ఇంత చిన్నగ ఉంటది, తోటలో చెట్ల నడుమ కూడ తిరుగుతదట. మనుషుల భుజాలతో పనే లేదట. ఆ బండిని అమ్ముతడట.

అత్త కొప్పు విప్పింది.

పాపం ఆమె బాధ ఆమెది. బండి కొంటే సగం మందికి పని ఉండదు. కొనకుంటే ఇంకో సోమయ్య తన కండ్ల సంగతి దాచిపెట్టి మొద్దు ఎత్తుతడు, ఒక రోజు ఒకడి ప్రాణం పోతది. రెండు దిక్కులా మనుషులే. ఎవరిని కాపాడాలె? దుమ్ముగూడెం దవాఖానలో కాంపౌండరును అడిగింది. బస్సు కండక్టరును అడిగింది, టికెట్టు తీసుకోవడం మరిచిపోయి మరీ అడిగింది. పర్ణశాలలో గుడి ముందర కొబ్బరికాయలు అమ్మే ముసలామెను అడిగింది. కొనమన్నోళ్ళ కాడ "ఎట్ల కొంటం, మావోళ్ళు ఏం తిని బతుకుతరు" అని కొట్లాడేది. వద్దన్నోళ్ళ కాడ "అంటే మావోళ్ళు సావాల్నా" అని అంతకంటే ఎక్కువ కొట్లాడేది. చివరికి ఆమె వస్తుంటే చూసి జనం దారి మార్చుకొని పోవుడు మొదలుపెట్టిన్రు.

ముఠా మొగోళ్ళు మూతులు ముడిచిన్రు. "మమ్మల్ని ఏడికి పొమ్మంటవ్ అక్కా?" అని అడిగిన్రు అత్తను. చూసి చెప్తా, ముందు తెప్పించి చూద్దాం, నచ్చకుంటే పొమ్మందాం అన్నది.

బండి వచ్చేనాటికి ఒక కొట్టేసిన మామిడితోటలో పని నడుస్తుంది. మెకానిక్ పిల్లగాడు చేతులకు నల్లటి గ్రీజుతో, మాటకు ముందు నవ్వుతో మంచిగనే ఉన్నడు. తనే తోలి చూపిస్తనన్నడు. మా వాళ్ళు బండికి పసుపు పూసి, నిమ్మకాయ కట్టి, టెంకాయ కొట్టిన్రు. అప్పుడు అత్త మొఖం ఒక్కసారి వెలిగింది. ఆమెకు ఏదో తట్టింది.

"మరి దీనికి జోడి ఎవరు?" అన్నది.

పిల్లగాడు తల గోక్కున్నడు. "జోడి అవసరం లేదు పెద్దమ్మా. ఇది ఒక్కటే చేస్తది."

"ఒక్కటే ఎట్ల చేస్తదయ్యా? జోడి లేని పని మా ముఠాలో లేదు." వెనక్కి తిరిగి బెరడు కుప్ప కాడ కూచున్న మా నాయినను పిలిచింది. "తమ్మీ, లే. ఇదే నీ జోడి."

ఆ మాట వినంగనే నాయిన లేచిన తీరు ఇప్పటికీ నా కండ్లల్ల ఉన్నది. చేతిలో కత్తి పక్కకు పడేసి, ధోతి ఎగ్గట్టి, తువ్వాల తలకు చుట్టుకొని వచ్చి బండి పక్కన నిలబడ్డడు. మా అందరికీ ఎంత సంబురమైందో! మూతులు ముడిచినోళ్ళు కూడ నవ్విన్రు. బండి వచ్చినా మనిషికి చోటు ఉంటదన్న ధైర్యం వచ్చింది. ఎవరో చాయ్ గ్లాసు తెచ్చి నాయిన చేతిలో పెట్టిన్రు. సగం తాగి, మిగిలిన సగం ఎవరికియ్యాలో తెలవక అటు ఇటు చూసిండు. "దానికే పొయ్యి, పొయ్యి" అని అందరం అరిస్తే ఇంజను మీద పోసిండు. అది కాలుతున్నది, సుయ్‌మని పొగ లేచింది. "తాగింది, తాగింది!" అని కేకలు. మెకానిక్ పిల్లగాడికి ఏడవాల్నో నవ్వాల్నో తెలవలేదు. అత్త ఆ పూట సద్ది మూట ముట్టనే లేదు. అంత నిమ్మలంగ ఉన్నది.

బండి మొద్దు ఎత్తింది. నిజంగనే ఎత్తింది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. మా నాయిన మొద్దు మీద చెయ్యి వేసి పక్కనే నడిచిండు. ఆయనకు చేతనైంది ఆయన చేసిండు. తన కాళ్ళు చూసుకోలేదు, జోడి కాళ్ళు చూసిండు. చక్రం ముందర రాయి కనిపిస్తే "ఎడమకు" అన్నడు, గుంట కనిపిస్తే "ఆగు, ఆగు" అన్నడు. ఇంజను మోతకు పైన కూచున్న పిల్లగాడికి అది ఏం వినిపిస్తది? వాడి చూపు మీటల మీద ఉన్నది, ముందర మొద్దు అడ్డమున్నది. మేము దూరంగ నిలబడి చూస్తున్నం. నాయిన కాలు ఒక మోడు గుంటలో దిగింది. ముందుకు పడ్డడు. మేము అరిచినం. బండి ఆగలేదు.

చక్రం మోకాలి కింద, కాలు మీది నించి పోయింది.

పిల్లగాడు బండి ఆపి దిగి, చూసి, అక్కడే కూలబడ్డడు. వాణ్ణి అనడానికి ఏముంది? సగం నిండిన లారీ మీదనే నాయినను పండబెట్టి భద్రాచలం దవాఖానకు తీసుకపోయినం. నేను తల పట్టుకున్న, అత్త కాలు పట్టుకున్నది. దారి పొడుగూతా నేను ఏడ్చుకుంటనే ఉన్న. దవాఖాన గుమ్మం కాడ దించుతుంటే నాయిన కండ్లు తెరిచి అత్తను చూసిండు.

"అక్కా, నేను దాని కాళ్ళే చూసిన" అన్నడు. "అది నా కాళ్ళు చూస్తదనుకున్న."

ఆ మాటకు అత్త గోడకు ఆనుకొని జారి కూచున్నది.

కాలు తీసెయ్యలేదు గాని, అతికిన ఎముక వంకరగ అతికింది. నాయిన కర్ర పట్టుకొని తిరిగిండు తప్ప మళ్ళ బరువు ఎత్తింది లేదు. ఆయన ఇంకా దవాఖానలో ఉండంగనే మెకానిక్ పిల్లగాడు మా పల్లెకు వచ్చిండు, బండి తోలుకపోతనని. వాకిట్ల నిలబడ్డడు. ముఠా అంతా చేరింది. బండిని తగలబెడదామని ఒకడు, గోదాట్లో తోద్దామని ఇంకొకడు. నేను రాయి పట్టుకొని ఉన్న. అత్త ఇంట్ల నించి వచ్చి వాడి ముందర నిలబడ్డది.

"బండి ముట్టుకోకు. నేను కొంటున్న" అన్నది.

"అత్తా, నీకు మతి ఉన్నదా?" అని నేను అరిచిన. ఆమె నా దిక్కు చూడలేదు. మామ సంపాదించిన చెలక భూమి అమ్మి ఆ బండి కొన్నది. ఎవరికీ ఎందుకని చెప్పలేదు. ఊరు ఏమనుకోవాల్నో అది అనుకున్నది. ఆశ అన్నరు, తమ్ముడి కాలు కంటే లారీలు ఎక్కువైనయన్నరు. ముఠాలో సగం మంది మిరప కోతలకు, బొగ్గు బాయిల దిక్కు కూలికి పోయిన్రు. పోయేటప్పుడు ఆమెకు చెప్పి కూడ పోలేదు. నేనైతే పనికి పోయినా ఆమెతో మాట్లాడుడే బంద్ చేసిన. మా నాయిన మంచంలో పండుకొని "అక్కను ఏమనకే" అంటే ఆయన మీద కూడ మండిపడేదాన్ని.

ఆ బండి తోలడానికి ఆమె ఎవరినీ పెట్టలేదు. మెకానిక్ పిల్లగాడినే బతిమాలి తనే నేర్చుకున్నది. ఇదిగో, దినాల నాడు అందరు పులి పులి అన్నది దీన్ని చూసే. వాళ్ళు దూరం నించి చూసిన్రు. నేను దగ్గర నించి చూసిన. మీట పట్టుకున్నంతసేపు పెదవులు ఏదో గొణిగేవి, ఒళ్ళంతా చెమట. బండి చుట్టూ దూరంగ సున్నంతో గీత గీయించేది, దాని లోపటికి పిల్లి కూడ రావొద్దు. నాలుగు గజాలు తోలి ఆపేది. దిగేది. చుట్టూ తిరిగి, వంగి చక్రాల కింద చూసేది. "ఎవరన్నా ఉన్నరా?" అని అరిచేది. మేమంతా గీత అవతల చెట్టు కింద ఉన్నమని కనిపిస్తున్నా అరిచేది. మళ్ళ ఎక్కేది. మళ్ళ నాలుగు గజాలు. మనుషులు మోసినా అంతకంటే జల్దీ నిండేది లారీ. డ్రైవర్లు తలలు కొట్టుకునేటోళ్ళు. "గిట్లయితే తెల్లారిపోతది పెద్దమ్మా!" అంటే "తెల్లారనియ్" అనేది. సీటు పక్కన సద్ది మూట ఎప్పుడూ ఖాళీయే.

ఒక ఎండాకాలం ఆగలేకపోయిన. అప్పటికి నాయిన కర్ర పట్టుకొని వాకిట్ల తిరుగుతున్నడు. అత్త బండి ఆపి, దిగి, చక్రాల కింద చూస్తుంటే నేను గీత దాటి లోపటికి పోయిన. నన్ను చూసి ఆమె గుండె పట్టుకున్నది.

"బయటికి నడువ్ పిల్లా! గీత దాటొద్దని చెప్పిన్నా లేదా?"

"నడుస్తా. నాకు జవాబు చెప్పినంక నడుస్తా. మా నాయిన కాలు విరగ్గొట్టినదాన్ని తెచ్చి కండ్ల ముందర ఎందుకు పెట్టుకున్నవ్? దీన్ని చూస్తే నీకు అన్నం ఎట్ల దిగుతుంది? ఆనాడు వాడే తోలుకపోతనన్నడు గదా. పోనియ్యక ఎందుకు కొన్నవ్?"

అత్త ముందు నా రెక్క పట్టి గీత అవతలికి గుంజుకొచ్చింది. చెట్టు కింద కూచోబెట్టింది. ఎవరూ వినకుండ చిన్నగ చెప్పింది.

"నేను వద్దంటే ఆ పిల్లగాడు దాన్ని ఏం చేస్తడే? ఇంట్ల పెట్టుకొని పూజ చేస్తడా? ఇంకో ఊరికి తోలుకపోతడు, అమ్ముతడు. ఆ ఊర్లో కూడ ముఠా ఉంటది. ఆ ముఠాలో కూడ జోడి లేనోడు ఒకడు ఉంటడు. వాడికి కూడ ఒక అక్క ఉంటది."